చిన్న వైసు

పంతొమ్మిది వందల యాభై తొమ్మిది. రాజపాళయం పక్క సేత్తూరులో, మధ్యాహ్నం మూడు గంటల వేళ, పుట్టింటి తిన్నె మీద కృష్ణమ్మాళ్. చెప్పాపెట్టకుండా ఆమె ఇక్కడికి వచ్చేసి తొమ్మిది రోజులు. ఎదురుగా మొగుడు వేంకటాద్రి. మిల్లులో ఉద్యోగం, తీరిక దొరికితే మున్నార్ కొండల మీద చేపలు పట్టే దొరల కోసం గాలానికి కోడి ఈకలు చుట్టి ఎరగా ఉత్తుత్తి ఈగలు కట్టివ్వడం, ఇదీ ఆయన బతుకు. ఇద్దరి మధ్య గోనెగుడ్డలో చుట్టిన ఇనుప వస్తువు ఒకటి ఉంది. ఆ ఊరివాళ్ళ నోట వయసు కూడా వైసే, ఇనుమును బిగించి పట్టే వైసూ వైసే; ఉండాలి అనేది ఉండల అవుతుంది. తప్పు భాషదో మనిషిదో మీరే వినండి.

"నేను అడిగింది ఈ వైసుని. నువ్వు అనుకొనింది ఆ వైసుని."

"రెండూ ఒకటే మాట కదండి."

"మాట ఒకటే. వస్తువు వేరే కదా! ఇది ఇనుము. చూడు, గోనె విప్పి చూడు."

"చూస్తా ఉండాను."

"చెయ్యి పెట్టి చూడమంటే..."

"మీరే పెట్టండి. నాకెందుకు."

"తొమ్మిది దినాలు, కృష్ణమ్మా. ఇంట్లో పొయ్యి సరిగా మండలేదు. వీధిలో అడిగినవాళ్ళకంతా అమ్మగారింటికి పోయింది అన్నాను. ఎందుకు పోయింది అంటే ఏమి చెప్పేది? నాకే తెలియదే! మునియసామి తిరుచెందూరు పోయి మొన్న వచ్చినాడు. వాడు చెప్పినాడు. ఆ దినం నువ్వు వాడి ఇనుపంగడికి నాకు అన్నం తూక్కుగిన్నె ఎత్తుకొని వచ్చినావంట. బొక్కెనలు పేర్చి పెట్టినారే, ఆ పక్క నిలిచినావంట. ఏదో విని, తూక్కు మెట్టు మీద పెట్టేసి, మాట లేకుండా పోయినావంట. అప్పుడు తెలిసింది నాకు. నవ్వేదా, ఏడ్చేదా?"

"నవ్వినారా?"

"నవ్వలేదు."

"ఏడ్చినారా?"

"సరి, అది ఉండనియ్యి. నువ్వు ఏమి విన్నావు, చెప్పు. ఒక్కొక్కటిగా చెప్పు. ఒక్కొక్కదానికి నేను బదులు చెప్తాను."

"'చిన్న వైసుగా ఉండల మునియసామీ' అన్నారు."

"ఆమా, అన్నాను. పెద్ద వైసు ఎందుకు నాకు? మిల్లులో ఉండేదాన్ని నువ్వు చూడలేదు. ఎద్దు తల అంత ఉంటుంది. దాని నోట్లో మన ఈగ గాలాన్ని పెట్టి మర తిప్పితే ఏమవుతుంది? పేను నలిగినట్ల నలిగిపోతుంది."

"'ఉండేదానితో ఇంక కాదు' అన్నారు."

"నీ చెయ్యి గురించి అన్నాను! వేరే ఏమనుకున్నావు? మిల్లులో ఈ ఎడమ చేతి వేళ్ళు రెండూ పోయినప్పటి నుంచి గాలం పట్టేది ఎవరు? నువ్వు. పదేండ్లు. నేను దారం చుట్టి ముడేసేదాకా కదలకుండా పట్టుకొని కూర్చుంటావు. ఏదీ, నీ బొటనవేలు చూపించు."

"వొద్దు."

"చూపించవు. నాకు తెలుసు అది ఎట్లుండాదో. పోయిన నెల గాలం ముల్లు లోపలికి దిగి వాచిపోయింది. మూడు దినాలు పిండి రుబ్బలేకపోయినావు. అది చూసే, ఇంక ఈమె చేతితో కాదు, ఒక వైసు కొందాము అనుకున్నాను."

"నొప్పి అని నేను చెప్పలేదే."

"నువ్వు చెప్పవు. అదే కదా నీ గుణం."

"'నేను ఎక్కువ పెట్టలేను' అన్నారు."

"ఎట్ల పెట్టేది? దొర తన పుస్తకంలో బొమ్మ చూపించినాడు. ఈగలు కట్టేదానికే సీమలో చేసే వైసంట. వెల అడిగితే నా రెండు నెలల జీతం. నన్ను అమ్మినా రాదు."

"'చూసేదానికి బాగలేకపోయినా పరవాలేదు' అన్నారు."

"తుప్పు! తుప్పు పట్టి ఉన్నా పరవాలేదు, నూనె పూసుకుంటాను అన్నాను. సగం విని సగం విడిచేసినావు."

"నూనె మాట నాకు వినబడలేదు."

"అప్పుడు వీధిలో లారీ ఏదైనా పోయి ఉంటుంది."

"'ఇంట్లో ఇప్పుడే తెలియొద్దు' అన్నారు. దానికి ఏ లారీ అండి?"

"అది... నీకు తెలిస్తే కొననిస్తావా? నా చెయ్యి ఉండంగ ఇనుము ఎందుకు అంటావు. అందుకని. తెచ్చి ముందర పెట్టి నీ మొగం చూద్దామని."

"ఇప్పుడు చూస్తా ఉండారు కదా."

"చూస్తా ఉండాను. నవ్వనే లేదు నువ్వు."

"ఎన్ని చూసినారు?"

"ఏమి?"

"వైసులు. మొదట చూసినదాన్నే ఒప్పుకున్నారా, నాలుగైదు చూసినారా?"

"మూడు చూసినాను."

"మీ అమ్మ కూడా వచ్చిందా, చూసేదానికి?"

"ఇనుపంగడికి అమ్మ ఎందుకు వస్తుంది?"

"సుమ్మా అడిగినాను. చెప్పండి."

"మొదటిది కంసాలివాళ్ళ చేతి వైసు. చిన్నదే, వెల తక్కువే. ఆనా చిక్కు ఏమంటే, దాన్ని ఒక చేత్తో పట్టుకోవల. గాలాన్ని పట్టేదానికి వైసు అంటే, ఆ వైసుని పట్టేదానికి ఇంకొక చెయ్యా?"

"మళ్ళీ నా చెయ్యే వస్తుంది."

"అదే! అందుకే వొద్దనేసినాను. రెండోది గడియారాలు బాగుచేసే సుందరం దగ్గర ఉండేది. సన్న నోరు. చిన్న గాలానికి సరిపోయింది. పెద్ద గాలం పెట్టి దారం లాగినాము, తల వంచేసింది. బలం లేదు."

"పాపం. చిన్న వైసు కదా."

"ఏమి?"

"ఏమీ లేదు. మూడోది?"

"మూడోది ఇదే. మదురై నుంచి వచ్చిన పాత సామాన్లలో మునియసామి ఎత్తిపెట్టినాడు. చూడు, బల్ల అంచుకి ఇట్ల తగిలించి కింద మర తిప్పితే నిలిచిపోతుంది. మన చేతులు రెండూ మనకే. ఆనా నోరు మందం. దాన్ని ఆకురాయితో అరగదీసి సన్నం చెయ్యల."

"యాడ చేయించినారు?"

"తళవాయిపురంలో."

"అది అడగాలనే ఉండాను. ఆ దినం తళవాయిపురం పేరు కూడా చెవిలో పడింది."

"ఆడ ఒక ఆచారి ఉండాడు కదా! చేతిపని రొంబ నయం. మునియసామే చెప్పినాడు."

"రాజపాళెంలో ఆచారి దొరకలేదా?"

"దొరుకుతాడు. ఎక్కువ అడుగుతాడు. మొదటి నుంచి నేను చూసేది తక్కువలో కదా."

"సరి."

"సరి అంటే? నమ్మినావా?"

"మీరు చెప్తే నమ్మకుండా ఎట్లండి. పదేండ్లు నమ్మినాను."

"అట్ల చెప్పు! నాకు ప్రాణం వచ్చింది. ఉండు, కట్టి చూపిస్తాను. సామాన్లు అన్నీ తెచ్చినాను. ఆ పీట ఇట్ల జరుపు. ఇంకొంచెం. ఆ... ఇప్పుడు చూడు. గాలాన్ని నోట్లో పెట్టినాను. తిప్పినాను. వేలితో కొట్టు."

"కొట్టినాను."

"కదిలిందా?"

"లేదు."

"కదల్దు! ఇప్పుడు పట్టు దారం. మైనం నిన్ననే రాసిపెట్టినాను. ఇదో, ఈక."

"మన ఎర్ర పుంజుదా ఇది?"

"దానిదే. మెడ మీద ఈక."

"కోసేసినారా దాన్ని?"

"అయ్యో లేదు, రాలిన ఈక. పుంజు బాగుండాది. ఏయ్, నువ్వెందుకు చెయ్యి చాపుతావు? నువ్వు పట్టుకోవొద్దు. ఇందులో విశేషమే అది."

"అలవాటండి. చెయ్యి తానుగా వచ్చేసింది."

"ఒళ్ళో పెట్టుకొని సుమ్మా కూర్చో. రాణి లాగా."

"సుమ్మా కూర్చునేది నాకు చేతకాదు."

"నేర్చుకో."

"వేళ్ళు పోయి మీరు ఆస్పత్రి నుంచి వచ్చిన దినం గుర్తుండాదా? ఈకల డబ్బా ఎత్తి చెత్తలో వేసేసినారు. ఇంక నాకు ఎందుకు ఇది అని."

"ఉండాది. లేకుండా పోతుందా? నువ్వు పోయి ఎత్తుకొని వచ్చి, దులిపి, నా ముందర కూర్చున్నావు. 'నా వేళ్ళు ఎత్తుకోండి' అన్నావు."

"అప్పుడు నాకు ఇరవై."

"ఆమా. చిన్న పిల్లవి."

"నేను గాలం పట్టుకొని ఉంటే మీరు కతలు చెప్తారు. దొరసాని కుక్క తేయాకు బుట్టలో పండుకొనిందే, ఆ కత. ఎన్నిసార్లు చెప్పినారు. ఈ పొద్దు ఏమీ చెప్పలేదే."

"వైసుకి కత చెప్తే నన్ను పిచ్చోడంటారు."

"ఆమా. అంటారు."

"అయిపోయింది. చూడు! ఎట్లుండాది?"

"నిజం ఈగ లాగనే ఉండాది."

"దొరే మోసపోతాడు."

"చేప కదండి మోసపోవల."

"రెండూ! హా, నవ్వినావు! నవ్వినావు కదా ఇప్పుడు! అత్తా, మీ కూతురు నవ్వింది!"

"అమ్మని పిలవొద్దండి. ఇప్పుడే కునుకు పట్టింది. నవ్వు వచ్చింది, ఏమి చేసేది. మీరు ఏమి కట్టినా బాగానే కడతారు."

"సరి, సంచి సర్దుకో. నాలుగు గంటలకి బస్సు ఉండాది."

"ఈ పొద్దేనా?"

"ఈ పొద్దే."

"రెండు దినాలు ఉండి శుక్రవారం వస్తాను. మంచి దినం."

"లేదు లేదు. శుక్రవారం వొద్దు. రేపటికి నువ్వు ఇంట్లో ఉండల."

"రేపు ఏమి?"

"రేపు... ఏమీ లేదు. అమ్మకి ఒంట్లో బాగలేదు."

"అయ్యో. ఏమైంది?"

"కాలు వాచింది."

"ఏ కాలు?"

"రెండూ. ఎడమది. ఎడమది కొంచెం ఎక్కువ."

"నన్ను అడిగిందా?"

"అడిగింది. 'కృష్ణమ్మ యాడ, పోయి పిలుచుకొని రా' అనింది."

"మీ అమ్మ నన్ను అడిగేది పదేండ్లలో ఇదే మొదలు. కడుపు పండనిదాని మొగం పొద్దున్నే చూడకూడదు అని, నేను నీళ్ళకి పోయేదాకా లేవదు కదా ఆమె."

"ఆమె పాతకాలపు మనిషి. అది వదిలెయ్యి. బిడ్డలు లేరని నేను ఎప్పుడైనా ఒక మాట అన్నానా? చెప్పు, అన్నానా?"

"అనలేదు. మీరు ఒక మాట కూడా అనలేదు. అదే ఈ తొమ్మిది దినాలుగా అనుకుంటా ఉండాను."

"చూసినావా! లే, లే. ఆ నీలం పట్టుచీర ఇక్కడ ఉండాదా, ఆడనే ఉండాదా?"

"ఇక్కడ ఉండాది. ఎందుకు?"

"ఎత్తి సంచిలో పెట్టుకో."

"కాలు వాచిన అత్తకి నీళ్ళు కాచేదానికి పట్టుచీరనా?"

"అడ్డం అడ్డంగా మాట్లాడొద్దు. నీకు బాగుంటుంది, అందుకని చెప్పినాను."

"సరి, పెట్టుకుంటాను. ఒకటి అడిగేదా? దారిలో సామాన్లు కొనుక్కోవల కదా, దానికోసరం."

"అడుగు."

"రేపు ఎంతమంది వస్తారు?"

"ఎవరు?"

"తళవాయిపురం వాళ్ళు. ఎంతమందికి వండల నేను?"

"కృష్ణమ్మా..."

"ఆడవాళ్ళు నలుగురు అని గోమతమ్మ చెప్పింది. మొగవాళ్ళు ఎందరో ఆమెకి సరిగా తెలియదు. మీకు తెలిసి ఉంటుంది."

"గోమతమ్మ... ఆమెని నువ్వు ఎట్ల..."

"పోయిన బేస్తవారం పోయినాను. ఆ దినం మునియసామి మీకు ఇంటి గుర్తు కూడా చెప్పినాడు. బియ్యం మిల్లు పక్క వీధి, పచ్చ తలుపు అని. ఆ తలుపు ఎవరిదో పోయి చూద్దాము అనుకున్నాను. తట్టితే గోమతమ్మ కూతురు వచ్చి తీసింది."

"నువ్వు విను. అమ్మ..."

"అమృతవల్లి. పేరు బాగుండాది. నీళ్ళు అడిగితే మజ్జిగ ఇచ్చింది. పద్దెనిమిది వైసంట."

"అమ్మ రోజూ ఏడుస్తా ఉండాది, కృష్ణమ్మా. అన్నం తినదు. 'వంశం నీతో నిలిచిపోతుంది రా' అని నాతో అంటుంది. నాకు ఇష్టం లేదు. నిజంగా చెప్తా ఉండాను, నాకు ఇష్టం లేదు."

"నేను ఎవరో గోమతమ్మకి చెప్పేసినాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకొనింది. 'మాకు కట్నం ఇచ్చేదానికి స్తోమత లేదు తల్లీ, అందుకే రెండోదిగా ఇస్తా ఉండాము. ఆనా పెద్దదానివి నువ్వు ఇంట్లో ఉండి, నీ నోటితో రా అంటేనే పిల్లని పంపిస్తాను. బుధవారం మేము వచ్చేది నిన్ను చూసేదానికే' అనింది. ఇంక మంగళవారం లోపల మీరు నన్ను పిలిచేదానికి వస్తారని అప్పుడే తెలిసింది. ఆ దినం నుంచి ఈ తిన్నె మీదనే కూర్చొని ఉండాను."

"వైసు నిజంగానే కొన్నాను. నీ మీద ఒట్టు."

"కొన్నారు. ముందర ఉండాది కదా. ఎప్పుడు కొన్నారు?"

"అది..."

"ఎప్పుడండి?"

"నిన్న."

"మునియసామి నేను విన్నానని చెప్పిన తరువాత."

"కృష్ణమ్మా, నా బుద్ధి..."

"తళవాయిపురం ఆచారి?"

"లేడు. మిల్లులో నేనే అరగదీసినాను."

"బాగానే అరగదీసినారు."

"అన్నీ తెలిసి ఎందుకు నన్ను ఇంతసేపు మాట్లాడించినావు? మొదటనే చెప్పి ఉండకూడదా?"

"మీరే చెప్తారేమో అని. ఒక్కొక్క మాటకీ మీ నోరే చూస్తా ఉండాను. ఈ మాటకి చెప్తారు, లేదంటే దీనికి చెప్తారు అని. 'నాకు ఒక బిడ్డ కావల కృష్ణమ్మా, ఇట్ల చేసేసినాను' అని ఒక్క మాట అని ఉంటే, మీ మీద పడి ఏడ్చి ఉంటాను. కొట్టి కూడా ఉంటాను. తరువాత లేచి మీ వెనకనే వచ్చి ఉంటాను. మీరు కూర్చొని నాకు ఈగ కట్టి చూపించినారు."

"తప్పు. తప్పేనే."

"ఆ దినం బొక్కెనల పక్క నిలిచినప్పుడు కూడా నా మనసు ఇట్ల విరగలేదు. మొగవాళ్ళు, బిడ్డ లేని ఇల్లు, ఉండేదే అనుకున్నాను. ఈ పొద్దు విరిగిపోయిందండి."

"నువ్వు రావొద్దు. నేను ఇప్పుడే తళవాయిపురం పోయి, ఈ సంబంధం వొద్దు అని చెప్పేసి వస్తాను."

"చెప్తారా?"

"చెప్తాను."

"మీ అమ్మకి?"

"అమ్మకి... అమ్మకి మెల్లగా..."

"మీరు చెప్పరు. నేను వస్తాను. ఉండండి, చీర ఎత్తుకొని వస్తాను."

"వస్తావా?"

"మాట ఇచ్చినాను. మీకు కాదు, గోమతమ్మకి. నా చేతులు పట్టుకొని అడిగిందండి ఆమె. రేపు వాళ్ళు ఇంత దూరం వచ్చి, పెద్దది లేదు అని తిరిగిపోతే, ఆ పిల్లని ఇంక ఎవరు చేసుకుంటారు?"

"నిన్ను నేను ఎప్పుడూ తక్కువగా చూడను. దేవుడి మీద ఆన. ఇంట్లో నువ్వే పెద్ద..."

"పెద్దదాన్నే. పదేండ్లు నేనే మీకు వైసుగా ఉండాను. ఇప్పుడు నాకు వైసైపోయింది. లేవండి. బస్సు పోతే మళ్ళీ ఆరింటికే. ఆ ఇనుపదాన్ని పీట నుంచి విప్పండి."

"అది నాకు వొద్దు. ఈడనే పారేసి పోతాను. దాని మొగం చూడలేను!"

"పారెయ్యొద్దండి, ఎత్తుకొని రండి. ఆ పిల్ల చేతులు చూసినాను నేను. ఒక గాటు లేదు. ఆ చేతికి మాత్రం గాలం ఇయ్యొద్దు."